బ్రేకు లైటు మీద బొట్టు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఆయన బెంగుళూరు నుంచి పాత కారు ఒకటి తెచ్చాడు. ధర్మవరంలో మా వీధి వాళ్ళంతా వచ్చి సీట్లు తడిమి చూసిపోయారు. స్టీరింగు వెనక వెలుగుతున్న లైట్ల సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. నేనడిగాను. జారుతున్న కారు బొమ్మతో పసుపు లైటు ఒకటి ఉండేది.

"రోడ్డు తడిసి చక్రాలు జారకుండా పట్టుకునేదంట అది. చెడిపోయినా ఏం? మన పక్క వాన యాడ పడతాదిమ్మే?" అని నవ్వాడు. కరువును కూడా తన బద్ధకానికి వాడుకున్న మనిషి.

దాని పక్కనే ఎర్ర లైటు. హ్యాండ్ బ్రేకు దించితే ఆరిపోవాలి. దించినా ఆరలేదు. హిందూపురంలో మా పుట్టింటికి బయల్దేరిన రోజు, "కంట్లో పొడుస్తాండాది" అంటూ నా నుదుటి మీది స్టిక్కర్ బొట్టు తీసి దాని మీద అతికించాడు. నా ఒళ్ళో ఏడాది పాప. నాకు కంపరమెత్తింది.

పెనుకొండ దాటాక పల్లంలో బ్రేకు తొక్కితే పెడల్ నేలకంటా దిగిపోయింది. హ్యాండ్ బ్రేకు లాగి లాగి, చివరికి వేరుశనగ చేని గట్టుకు గుద్దుకుని ఆగాం. పాప పెదవి చిట్లి రక్తం వచ్చింది. బ్రేకు ఆయిలంతా కారిపోయిందట. ఎర్ర లైటు మొత్తుకున్నది అదే.

ఇంటికొచ్చాక అందరూ కలిసి తేల్చిందేమిటంటే, మమ్మల్ని కాపాడింది నా బొట్టేనని. మా అత్త దిష్టి తీస్తూ, "ముత్తైదువ బొట్టు, ఊరికే పోతాదా" అంది. పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టు, రిపేరు చేయించాక ఆయన అక్కడే కొత్త బొట్టు అంటించాడు. ఆయుధపూజకు దానికి కుంకుమ కూడా పెట్టారు.

కొన్ని నెలలకు మళ్ళీ హిందూపురం ప్రయాణం. పెనుకొండ బస్టాండు దగ్గర టీ తాగి, ఆయన కారు స్టార్ట్ చేసి హ్యాండ్ బ్రేకు దించాడు. నేను చెయ్యి చాచి గోటితో ఆ బొట్టు గీకాను. కింద లైటు ఎర్రగా వెలుగుతోంది.

"ముత్తైదువవు, బొట్టు పీకుతావామ్మే?" అన్నాడు. నిజంగానే భయపడ్డాడు, లైటును చూసి కాదు.

"అది ఆడే ఉంచితే, రేపు నా బొట్టు పీకాల్సొస్తాది" అని చెప్పి, పాపను ఎత్తుకుని హిందూపురం బస్సెక్కాను.