జిప్పుల వదిన ఊరు చూసిన రోజు

జిప్పుల వదిన లేచిపోయిందని మన వీధిలో పుట్టిన మాటకు కాళ్లూ చేతులూ ఎవరు తగిలించారో గానీ, సాయంత్రమయ్యేసరికి అది ఇల్లిల్లూ తిరిగి, టీ కూడా తాగి వచ్చింది. భుజాన నీలం సంచి, చెవుల్లో తెల్ల తీగ, “వస్తున్నా, వస్తున్నా, కాస్త ఆగు తల్లీ” అంటూ పెద్ద రోడ్డు వైపు పరుగులాంటి నడకతో పోతుంటే బ్యాటరీల కొట్టాయన కళ్లారా చూశాడట. “తల్లీ” అన్న మాటను ఆయన ఎక్కడ మింగేశాడో తెలియదు. వీధి మలుపు తిరిగేసరికి ఆ ఆగవలసిన మనిషి మగవాడయ్యాడు, పక్క సందు చేరేసరికి అతనికి మీసాలు కూడా మొలిచాయి. సంచి నిండా బట్టలన్నారు, నగలన్నారు. నిజానికి ఆ సంచిలో ఉన్నవి ఒక నీళ్ల సీసా, రెండు బన్నులు, ఒక దబ్బనం, మైనం పట్టించిన దారపు ఉండ. ఆమె వెళ్లింది ఊరు చూడడానికి. వేరే ఊరు కాదు, ఈ ఊరే.

బస్సులాగే చోటికి ఎదురుగా, మందుల షాపుకీ బ్యాటరీల కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉండే సంచుల రిపేరు కొట్టు వాళ్లది. పెళ్లయిన కొత్తలో మొగుడు తీసుకొచ్చి మిషను ముందు కూర్చోబెట్టాడు. పిల్లలు పుట్టి, పెరిగి, ఎవరి సంసారాలు వాళ్లవయ్యాక కూడా ఆమె అక్కడే కూర్చుని ఉంది. చక్రాలూ పిడులూ ఆయన బిగిస్తాడు, కుట్టు పనంతా ఆమెది. జిప్పు మొరాయిస్తే కొవ్వొత్తి ముక్కతో పళ్లు రుద్ది, రన్నరును పట్టకారుతో ఒక్క నొక్కు నొక్కి, సర్రుమని లాగి చూపిస్తుంది. తెగిన పట్టీ వస్తే లోపలి నుంచి పాత బూటు తోలు ముక్క ఆనించి, చుట్టూ నలుచదరంగా కుట్టి, దాని మధ్యలో అడ్డంగా ఒక గుణకారం గుర్తు కుడుతుంది. అలా కుట్టకపోతే ఆమెకు అన్నం సహించదు. విమానాలెక్కే సంచులు, రైళ్లెక్కే సంచులు అన్నీ ఆమె ఒళ్లోంచే వెళ్లేవి. ఆమె మాత్రం ఇల్లు, కొట్టు, కూరగాయల బజారు తప్ప మరో దారి ఎరగదు.

ఆ మధ్య ఆయన ఒకరోజు కంచం ముందు కూర్చుని, “అన్నయ్య రమ్మంటున్నాడు. వాళ్ల ఊళ్లో కొట్టులో లెక్కలు చూసుకోమంటున్నాడు. వెనక వాటా ఖాళీగానే ఉందట. పోదాం. నువ్వింక మిషను ముందు కూర్చోనక్కర్లేదు” అన్నాడు. పోదాం అన్నాడు గానీ, వస్తావా అని అడగలేదు. ఆమె కూర మరోసారి వడ్డించింది. అది ఒప్పుకోవడమని ఆయన అనుకున్నాడు. కొట్టు కొనడానికి ఒక సెల్‌ఫోన్ల వ్యాపారి ముందుకొచ్చాడు. కొట్టు ఇద్దరి పేరా ఉంది కాబట్టి ఇద్దరూ ఎదురుగా కూర్చుని సరేననాలన్నాడు. సాయంత్రం వస్తానని కబురు పెట్టాడు.

అతను రావలసిన రోజు పొద్దున జిప్పుల వదిన కాలు కాలిన పిల్లిలా తిరిగింది. పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. దువ్వెన కోసం వెతికి, అది తన తలలోనే ఉందని తెలుసుకుంది. ఆఖరికి అలమారలోంచి ఫోను తీసి చేతిలో పట్టుకుని నిలబడింది.

ఆ ఫోనులో ఒక వింత ఉంది. కిందటి నెల ఎక్కడి నుంచో ఊరు చూడడానికి వచ్చిన ఒకమ్మాయి, చక్రం ఊడిన పెట్టెతో వాళ్ల కొట్టుకి వచ్చింది. తిరుగు ప్రయాణం ముందుకు జరిగిందట, ఊరు తిరగడానికి కొనుక్కున్న పాసు వృథా అయిపోతోందని ఒకటే బాధపడింది. “మీరు తిరగండి ఆంటీ. మనిషి అక్కర్లేదు, ఫోనే చెప్తుంది. కుడి అంటే కుడి, ఎడమ అంటే ఎడమ. ఎక్కడ నిలబడితే అక్కడి కథ చెప్తుంది” అని అదంతా వదిన ఫోనులోకి ఎక్కించి పెట్టింది. “ఒక్కసారి నొక్కారంటే ఆ రోజుకే. మర్నాడు పలకదు” అని కూడా చెప్పింది. కొత్త దుప్పటి మడత విప్పకుండా దాచుకున్నట్టు, వదిన దాన్ని నొక్కకుండా దాచుకుంది.

“ఇదిగో, నేనలా బయటికి వెళ్లొస్తా” అంది మొగుడితో.

“కూరలకా? నిన్ననే తెచ్చావుగా!”

“కూరలకు కాదు.”

“సాయంత్రం ఆ వ్యాపారి వస్తాడు, గుర్తుందిగా?”

“గుర్తుంది కాబట్టే వెళ్తున్నా” అని చెప్పులేసుకుంది. రిపేరుకిచ్చిన వాళ్లెవరూ తీసుకెళ్లక కొక్కేనికి వేలాడుతున్న నీలం సంచి భుజాన వేసుకుంది. వదిలి వెళ్లిపోవలసిన ఊరు ఎలా ఉంటుందో కూడా తెలియకుండా సరేనని ఎలా అంటుంది? గుమ్మం దిగి, కళ్లు గట్టిగా మూసుకుని, నొక్కేసింది.

“నమస్కారం. మా నగరానికి మీకు స్వాగతం” అంది చెవిలో ఒకావిడ.

వదినకు నవ్వాగలేదు. “ఇన్నాళ్లకా తల్లీ!” అంది పైకే. ఫోనులో మనిషి లేదని ఆమెకూ తెలుసు. కానీ అంత మర్యాదగా మాట్లాడుతుంటే ఊరుకోవడం ఎలా? పైగా మధ్యలో ఆపుకోవచ్చని ఆ అమ్మాయి చెప్పింది గానీ ఎక్కడ నొక్కాలో వదినకు గుర్తులేదు. ఆవిడ “ఇప్పుడు ముందుకు నడవండి” అనడం, వదిన “వస్తున్నా, ఆగు” అంటూ పరుగెత్తడం. బ్యాటరీల కొట్టాయన చూసింది ఈ పరుగునే.

గడియారం గోపురం దగ్గర తల పైకెత్తి చూడమంది. వదిన ఎత్తింది. మెడ పట్టేసింది, కథ పూర్తిగా వినేలోపే చూపు కిందికి జారిపోయింది. పక్కన నిలబడ్డ మనిషి వీపు సంచికి జిప్పు సగం నోరు తెరిచి ఉంది. “బాబూ, సంచి తెరిచే ఉంది” అని ఆయన వీపు తట్టి, తనే మూసింది. పాత తపాలా భవనం మెట్ల మీద ఎవరు నిలబడి ఏం ప్రకటించారో చెవిలో ఆవిడ చెప్తుంటే, వదిన కళ్లు మెట్లు దిగుతున్న పెట్టెల చక్రాల వెంట పరుగెత్తాయి. ఆ మూడో చక్రం ఇవాళో రేపో ఊడుతుంది. ఆ పిడికి మర ఒక్కటే ఉంది. ఊరు చూద్దామని వచ్చి, కొట్టులో చూసేవే చూస్తున్నానేమిటని తన మీద తనకే చిరాకేసింది. బన్ను తింటూ కూర్చుందామంటే కూర్చోలేకపోయింది. పొద్దు నెత్తి మీదికి వస్తోంది. సాయంత్రానికి ఏ మాట చెప్పాలో ఇంకా తేలలేదు.

ఆర్చీల బజారులో ఎడమకు తిరగమంది ఆవిడ. తిరగబోతూ వదిన ఆగిపోయింది.

ఎదురుగా తెల్ల కోటు వేసుకున్న ఒకావిడ వేగంగా వెళ్తోంది, నర్సులా ఉంది. భుజాన గోధుమరంగు సంచి. పట్టీ మొదట్లో చదరపు కుట్టు, మధ్యలో అడ్డంగా గుణకారం గుర్తు. దారం మాత్రం నారింజ రంగు. గోధుమ దారం అయిపోయిన రోజున, “రంగు కలవదు గానీ జన్మలో తెగదు” అని ఒప్పించి కుట్టిన కుట్టు. తను ఎన్నడూ అడుగుపెట్టని బజారులో తన కుట్టు ఎవరి భుజానో ఎక్కి దర్జాగా నడిచిపోతోంది! వదిన ఎడమకు తిరగలేదు, కుట్టు వెంట పడింది.

“మీరు దారి తప్పారు. దయచేసి వెనక్కి తిరగండి” అంది చెవిలో ఆవిడ.

“నువ్వుండమ్మా కాసేపు.”

సందులు దాటి, చేపలు కడిగిన నీళ్లు దాటి, వంతెన మెట్లెక్కేసరికి వదినకు ఆయాసం ముంచుకొచ్చింది. నర్సు చటుక్కున వెనక్కి తిరిగింది.

“ఏమ్మా? బజారు నుంచీ చూస్తున్నా. ఎందుకు నా వెంటపడ్డావు?”

“నీ సంచి కోసమమ్మా!” అంది వదిన, ఉన్నదున్నట్టు.

నర్సు సంచిని రెండు చేతులా పొట్టకు హత్తుకుని కేక పెట్టింది. వంతెన మీద పోయేవాళ్లు పోకుండా ఆగారు.

“అయ్యో, అది కాదు తల్లీ! ఆ కుట్టు నాది!”

“కుట్టు నీదైతే సంచి నీదైపోతుందా?”

“పట్టీ రెండో వైపు చూసుకో. నేనప్పుడే చెప్పా, అది కూడా కుట్టించుకోమని. విన్నావా? ఇంకో వారంలో నడిరోడ్డు మీద నీ టిఫిన్ డబ్బా దొర్లుతుంది, చూసుకో.”

నర్సు చూసుకుంది. రెండో వైపు పట్టీ నిజంగానే రెండు పోగుల మీద వేలాడుతోంది. ఆమె వదిన ముఖంలోకి తేరిపార చూసింది. “అరే, బస్సుల దగ్గర... జిప్పుల ఆంటీ! మిషను వెనక తప్ప ఎప్పుడూ చూడలేదు, అందుకే పోల్చుకోలేదు. మీకు కాళ్లున్నాయా!” ఆగినవాళ్లు నవ్వుతూ కదిలారు.

వంతెన గోడకు ఆనుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, వదిన దబ్బనం తీసింది. కింద నీళ్లు మెల్లగా పోతున్నాయి. పడవలున్నాయి, అవతలి ఒడ్డున రంగు రంగుల గోడలున్నాయి. కుట్టు కుట్టుకీ మధ్య తలెత్తి చూస్తే, ఆశ్చర్యం, అన్నీ కనిపించాయి. చేతిలో పని ఉంటే కళ్లు కుదురుగా చూశాయి.

“ఈ పని చేసిపెడుతున్నారు గానీ, కొట్టు అమ్మేస్తున్నారటగా?” అంది నర్సు.

దబ్బనం ఆగింది. “ఎవరన్నారు?”

“మీ ఆయనే. పోయిన వారం మీరు లేనప్పుడు మా అమ్మాయి సంచి తెస్తే, తీసుకోనన్నారు. ‘మా ఆవిడకు ఈ ఊరంటే విసుగు పుట్టింది, ఆమె కోసమే వెళ్తున్నాం’ అన్నారు.”

“నా కోసమా!”

“వెళ్దామని మీరు అడగలేదా మరి?”

వదిన మళ్లీ కుట్టు మీదికి వంగింది. చివరి ముడి బిగించి, పంటితో దారం కొరికి, సంచి ఇచ్చేసింది. నర్సు వెళ్లిపోయాక కూడా అక్కడే అటూ ఇటూ నడిచింది. విసుగు పుట్టిందని తను ఎప్పుడంది? అంది. అన్నమాట నిజమే. ఎండాకాలంలో ఒకరోజు మిషను ముందునుంచి లేస్తూ, “ఈ నాలుగు గోడలు తప్ప ఏం చూశాను? ఇక్కడే ఇలాగే పోతాను” అంది. చక్రం బిగిస్తూ ఆయన తల కూడా ఎత్తలేదు. వినలేదనుకుంది. విన్నాడన్నమాట. విని, ఆమెకు నచ్చనిది ఈ ఊరేనని తేల్చేసుకున్నాడు. తను అన్నది గోడల గురించి. ఊరిని తనెప్పుడు చూసింది, నచ్చకపోవడానికి? కోపం రావాలో జాలి పడాలో తెలియక, వంతెన ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ ఈ చివరకు తిరిగింది. చెవిలో ఆవిడ మాత్రం, “దయచేసి వెనక్కి తిరగండి, మ్యూజియం కాసేపట్లో మూసేస్తారు” అంటూ ఊరికే నస పెడుతోంది.

“మూసుకోనీ! నేను ఇంటికి పోవాలి” అంది వదిన.

వీధి మొదట్లోనే మందుల షాపు అక్క పట్టుకుంది. “ఒక్కదానివే వచ్చావేం? ఆయనేడీ?”

“ఏ ఆయన?”

“నీతో వెళ్లినాయన. మీసాలున్నాయటగా?”

“ఏమో, ఉన్నాయేమో. నాకు గొంతే వినబడింది” అని వదిన ముందుకు సాగింది. అక్క కూడా వెనకే బయల్దేరింది.

కొట్టు ముందు సగం వీధి గుమిగూడి ఉంది. సెల్‌ఫోన్ల వ్యాపారి స్టూలు మీద కాలు ఊపుతూ కూర్చున్నాడు. జిప్పుల వదిన మొగుడు లోపలికీ బయటికీ తిరిగి తిరిగి చెమటతో తడిసిపోయి ఉన్నాడు.

“ఎక్కడికెళ్లావు? ఇంతసేపా? జనం ఏమంటున్నారో తెలుసా?”

“జనం సంగతి తర్వాత. నాకు విసుగు పుట్టిందని ఊరంతా చెప్పింది మీరేనా?”

ఆయన తడబడ్డాడు. “నువ్వే అన్నావుగా... ఇక్కడే పోతాను, ఏం చూశాను అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే అన్నయ్యకు ఫోన్ చేశా. లేకపోతే నాకేం సరదా, వాడి గల్లాపెట్టె దగ్గర కూర్చుని చీవాట్లు తినడం?”

“మరి నన్నెందుకు అడగలేదు?”

“అడిగాగా!”

“పోదాం అన్నారు. అది అడగడమా?”

వ్యాపారి దగ్గి, “అమ్మా, నాకు ఇంకో చోటికి వెళ్లాల్సిన పనుంది...” అన్నాడు. బ్యాటరీల కొట్టాయన తన కొట్టు వదిలేసి ఇంకాస్త దగ్గరికి జరిగాడు. వీధంతా మెడలు సాచింది.

వదిన మొగుడు జేబులోంచి చేతిగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. “సరే. ఇప్పుడు అడుగుతున్నా, అందరి ముందూ. మా అన్నయ్యా వాళ్ల ఊరికి వస్తావా, రావా?”

“రాను. ఈ ఊళ్లో సగం కూడా చూడలేదు నేను. మీరు వెళ్తే వెళ్లండి. వెళ్లకపోతే మాత్రం రేపు పొద్దున షట్టరు మీరే ఎత్తండి. నా కాళ్లు పుండ్లయ్యాయి, మధ్యాహ్నం దాకా లేవను.”