నవ్వుల క్లబ్బులో ఫిట్టరు

పొగమంచులోంచి ముందుగా నవ్వులు వినిపిస్తాయి, ఒకరు లెక్కపెడుతుంటే పదిమంది కలిసి నవ్వే నవ్వులు. ఆ వరుస చివర, నా పక్కనే, రిటైరైన ఫిట్టరు దవడలు బిగించి నిలబడి ఉంటాడు. కనిపించని నట్టు తిప్పుతున్నట్టు ఆయన బొటనవేలు చూపుడువేలి మీద కదులుతూనే ఉంటుంది. రోజూ పొద్దున్నే పనిముట్లు తుడిచి నూనె రాయడం ఆయన అలవాటు. నాన్న హుషారుగా ఉండాలని కూతురే ఇక్కడ చేర్పించింది. మొన్న ఆయన ఇక్కడుండగా ఆ పనిముట్ల పెట్టెను పాత ఇనుముకు వేసేసింది.

"నవ్వండి బాబాయ్, అన్నీ మరిచిపోండి," అన్నాడు లెక్కపెట్టేవాడు.

"నువ్వు మరిచిపో," అని ఆయన గేటువైపు నడిచాడు.

"మీ మంచికే చేసిందేమో," అన్నాను వెంట నడుస్తూ.

"రోజూ నా బతుకులోని మంచివి మూడు పుస్తకంలో రాయమంది. ఆకురాయి, పానా, సుత్తి అని రాశా. 'మనుషుల పేర్లు రాయాలి నాన్నా' అంది. నీ పేరు రాయాలంటే ముందు నా పెట్టె తెచ్చి పెట్టమన్నా."