అటు తిరిగి నిలబడ్డ మనిషి

మాతో పనిచేసే పెద్దన్న ఇక లేరని ఆయన తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసు తాళం తీస్తున్నాను. గుండెపోటు. ఆ కబురు మా రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి చెయ్యి రాలేదు. ఆ గ్రూపులో ఏ కబురైనా ఆయనే చెప్పేవారు మరి.

తిరుపతిలో టైర్ల కొట్టు మీద ఒక గది మా ఆఫీసు. పాలు పోసే రైతులకు డిజిటల్ కాయిన్లు ఇచ్చి, వాటితో దాణా కొనుక్కునేలా చేసే చిన్న క్రిప్టో ప్రాజెక్టు మాది. కోడ్ రాసేది మేము, జనంతో మాట్లాడేది ఆయన. అడిగిందే మళ్లీ అడిగినా విసుక్కునేవారు కాదు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. 'ఇది నిన్ననే చెప్పాం కదా' అని టైప్ చేస్తుంటే వెనక నిలబడి, "చెరిపెయ్యప్పా. నిన్న ఆయమ్మకు అవసరం రాలా, ఈ పొద్దు వచ్చినాది" అనేవారు. చెరిపేసేవాణ్ని.

కాయిన్లు దాచుకునే వాలెట్‌కు కొన్ని రహస్య పదాలుంటాయి. ఫోన్ పోయినా ఆ పదాలుంటే కాయిన్లు దక్కుతాయి. వేరేవాళ్లు చూస్తే మాత్రం కాయిన్లు వాళ్ల పాలే. మేమిద్దరం పలమనేరులో ఉన్న రోజున, అక్కడి పాల రైతు ఒకతను ఆ పదాలు రాసుకున్న కాగితాన్ని ఫోటో తీసి, 'సరిగ్గా రాసినానా, సూడండి' అని గ్రూపులో అందరి ముందూ పెట్టేశాడు. పెద్దన్న ఆ ఫోటో తీసేసి, నన్ను బండెక్కించుకుని అతనింటికి పరుగెత్తారు.

అతను గొడ్లపాక దగ్గరే మాకు ఎదురొచ్చాడు. ఎండాకాలం దాణా అంతా ఆ కాయిన్లలోనే ఉంది మరి. అతని ఫోన్‌లో కొత్త వాలెట్ తెరిపించి, దాని పదాలు కనబడగానే పెద్దన్న లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, గొడ్లపాక గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

"నువ్వే రాసిస్తే పోలా అన్నా? నీ మింద నాకు నమ్మకం ఉండాది" అన్నాడు రైతు.

"ఉండాది కాబట్టే తిరుక్కున్నా. నిదానంగా రాసుకో."

కాయిన్లన్నీ కొత్త వాలెట్‌లోకి చేరాయని నేను చెప్పాకే ఆయన ఇటు తిరిగారు. ఆ తర్వాత ఏ ఊరు వెళ్లినా, ఎవరు రాసుకుంటున్నా అంతే.

జనానికి తిప్పలు తప్పుతాయి, అందరి పదాలూ ఆఫీసులోనే దాచుదామని మాలో ఒకడు అన్నాడు. పెద్దన్న ఒప్పుకోలేదు. "బీగంచెవి మన మొలకు కట్టుకుని, ఇల్లు మీదే అంటే ఎట్లప్పా?" అన్నారు. క్రిప్టో ధరలు పడిపోయినప్పుడు మాలాంటి ప్రాజెక్టులు చాలా మూతబడ్డాయి. మా రైతులు మాత్రం కదల్లేదు. అది మా కోడ్ గొప్పతనమని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆయన కర్మ అయిన మర్నాడు పలమనేరులో కొత్తవాళ్లకు వాలెట్లు తెరిపించాలి. ఆయన లేకుండా ఎవరొస్తారులే అని దిగులుగానే వెళ్లాను. పాల కేంద్రం వరండా నిండా జనం ఉన్నారు. మధ్యలో ఆ రైతే కూర్చుని ఒకామెకు ఫోన్ చూపిస్తూ చెబుతున్నాడు.

"ఇప్పుడు పదాలొస్తాయి, రాసుకోమ్మా. ఎవురికీ సూపించొద్దు. నాక్కూడా."

అంటూనే లేచి, చేతులు వెనక్కి కట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అచ్చం పెద్దన్నలాగే. నాకు ఏడుపొచ్చింది. వెళ్లి అతని పక్కన నేనూ గోడకు ఎదురుగా నిలబడ్డాను. మా వెనక ఆమె నిదానంగా రాసుకుంటోంది.