ఆకు చించిన నాడు

నిన్న పొద్దున, ఒకప్పుడు నా దగ్గర చదువుకుని ఇప్పుడు తానూ తెలుగు పంతులైన ఒకాయన ఫోన్ చేసి, విడాకులు అన్న మాట ఎట్లా పుట్టిందో చెప్పమన్నాడు. ముప్పై ఏళ్లు మాటల పుట్టుకలు చెప్పి బతికినవాణ్ణి, గుర్తుకు రావడం లేదని అబద్ధమాడి ఫోన్ పెట్టేశాను.

ఆ మాట నాకు బాగా తెలుసు. తెలుసునని గొప్పకు పోయిన రోజు ఇంకా బాగా తెలుసు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఎండాకాలం, మక్తల్ దగ్గర మా చెల్లె అత్తగారి ఊళ్లో కులపెద్దలు కూర్చున్నారు. ఇరవై ఏళ్లు ఆ ఇంటి గొర్రెల వెంట ఎండలో నడిచిన మా చెల్లెను, పిల్లలు కలగలేదన్న సాకుతో ఆమె మొగుడు వద్దన్నాడు. చదువుకున్నవాణ్ణని కాగితం రాసే పని నాకే అప్పగించారు. రాసి ఊరుకుంటే ఏం పోయేది? మాలో అట్లాంటప్పుడు మొగుడూ పెళ్లామూ ఒక తమలపాకును చెరో కొసా పట్టుకుని చించడం ఆనవాయితీ. ఆకు పళ్లెం రాగానే నాలోని పంతులు లేచి కూర్చున్నాడు. విడు, ఆకు అని మాటను రెండుగా విడగొట్టి, ఒకప్పుడు తాటాకు మీద విడుదల రాసిచ్చేవారు కాబట్టి ఆ పేరొచ్చిందని కొందరంటారనీ, చిక్కుముడి విప్పినట్టు తగవు తీరిపోవడమే దాని అర్థమనీ అరగంట చెప్పాను. పెద్దలు బీడీలు ఆర్పి మరీ విన్నారు. సిగ్గులేకుండా నేను మురిసిపోయాను. చెల్లె మాత్రం ఆకు కొస పట్టుకుని, నా ఉపన్యాసం అయ్యేదాకా తలవంచుకుని కూర్చుంది.

ఆకు చిరిగింది. అందరూ చేతులు దులుపుకుని లేచారు. అప్పుడామె నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"అన్నా, గా మాటకు అర్థం మంచిగ చెప్పినవ్. మరి నేనేడికి పోవాలె?"

మా ఇంటికి రమ్మనాలి. కానీ, నల్లగొండలో మాది రెండు గదుల కిరాయి ఇల్లు, పైగా మా ఆవిడకూ ఆమెకూ పడదు. నెల తిరిగాక చూద్దామని గొణిగాను. ఆమె బస్సెక్కింది. మా నల్లగొండ దగ్గరి చిట్యాలలో ఒక బడి వంటగదిలో పనికి కుదిరింది. అంత దగ్గర్లో ఉండీ ఈనాటికీ నా గడప తొక్కలేదు.

ఇప్పుడు ఆకులు చించేవాళ్లు లేరు. కోర్టులున్నాయి, వకీళ్లున్నారు, ఆడపిల్లలు తమకు రావలసింది నిలదీసి అడుగుతున్నారు, చూస్తే నాకు సంతోషంగానూ ఉంటుంది, చెల్లె గుర్తొచ్చి సిగ్గుగానూ ఉంటుంది. ఆ పంతులు రేపు మళ్లీ ఫోన్ చేస్తే ఆ మాట పుట్టుక చెప్తాను, అది నాకు చేతనైన పనే.

మాకిప్పుడు సొంత ఇల్లుంది, ఒక గది ఖాళీగానే పడి ఉంది. పోయిన ఏడు చెల్లెను వచ్చి ఉండమని కబురు చేశాను. తన జాగా తనకు దొరికి చాలా ఏళ్లయిందని చెప్పి పంపింది.