హైమవతమ్మ పరీక్ష తప్పింది

చేతికి వణుకొచ్చినా హైమవతమ్మ నోటికి రాలేదు. పార్కిన్సన్స్ అని తేలిన రోజునే కోడలు కావేరి, "వంటకి మనిషిని పెట్టుకుందాం అత్తయ్యా" అంది. "నా చెయ్యి పనికిరాదని డాక్టరు చెప్పనీ, అప్పుడు చూద్దాం" అందావిడ. నోయిడా మొత్తమ్మీద సరిగ్గా పోపు పెట్టేది తనొక్కతేనని ఆవిడ నమ్మకం.

డాక్టరు పరీక్ష ఆరు నెలలకోసారి. జబ్బు ఎంత ముదిరిందో తెలియాలంటే పొద్దుటి మాత్ర వేసుకోకుండా వెళ్ళాలి. బొటనవేలికి చూపుడువేలు టకటకా తాటించాలి, చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవాలి. చివర్లో డాక్టరు వెనకనుంచి భుజాలు పట్టి లాగితే నిలదొక్కుకోవాలి.

హైమవతమ్మ చదివింది మూడో తరగతే. అయినా చదువుకోకుండా పరీక్షకి వెళ్ళే రకం కాదు. పప్పు ఉడికేలోపు వేళ్ళు తాటించడం సాధన చేసేది. బయల్దేరేముందు బాత్రూములో గుట్టుగా మాత్ర మింగేది. ఇప్పటికి రెండు పరీక్షలయ్యాయి. రెండుసార్లూ డాక్టరు "బహుత్ బఢియా అమ్మాజీ" అని మెచ్చుకుని పాత మందే రాశాడు.

ఇంట్లో ఆ మందు చాలడం లేదు. తెల్లవారుజామున పక్కమీద ఒత్తిగిలాలన్నా కావేరి రావాల్సిందే. మొన్న పోపు గరిట చేతిలో ఎగిరి, కాగిన నూనె కావేరి పాదం మీద పడింది. ఆ పిల్ల ఒక్క మాట అనలేదు. అంటే నాలుగు తిట్టి ఊరుకునేది హైమవతమ్మ. అననందుకే గుచ్చుకుంది.

ఈసారి ఆసుపత్రిలో పేరు పిలిచేముందు కావేరి మెల్లిగా అడిగింది. "మాత్ర వేసుకున్నారా?"

"నీకెలా తెలుసే?"

"మంచినీళ్ళ గ్లాసుతో బాత్రూముకి ఎవరు వెళ్తారత్తయ్యా?"

"తెలిసీ నోరు మూసుకున్నావా!"

"మీ చేతిలో గరిట లాక్కోవడానికి నాకు నోరు రాలేదు."

హైమవతమ్మ కొంగు ముడి విప్పి చూపించింది. మాత్ర అందులోనే ఉంది.

లోపల వేళ్ళు నాలుగు దెబ్బలకే మొరాయించాయి. కుర్చీ వదలనంది. భుజాలు లాగగానే వెనక్కి వాలి డాక్టరు చేతుల్లో పడింది. ఆయన కంగారుపడ్డాడు. "అమ్మాజీ, ఇంతలోనే ఇంత తేడానా!"

"ఇదంతా ఇప్పటిది కాదు, రెండుసార్లు కాపీ కొట్టానని చెప్పవే ఆయనకి, హిందీలో."

కావేరి నవ్వాపుకుంటూ చెప్పింది. డాక్టరు నవ్వలేదు, మందు పెంచి రాశాడు.

క్యాబ్ ఎక్కాక హైమవతమ్మ కొంగులోని మాత్ర మింగింది. "నువ్వు పెడదామన్న వంటమనిషిని రేపట్నుంచి రమ్మను. పోపు జోలికి మాత్రం రానివ్వకు."

కావేరి పాదం చటుక్కున వెనక్కి తీసుకుంది. "మళ్ళీ మీరే పెడతారా?"

"నువ్వు పెట్టు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఆవాలు చిటపటలాడకుండా జీలకర్ర వేశావో, చేతికి ఓపిక లేకపోయినా నోటికుంది."