అక్క చేతిలో తాళాల గుత్తి

మా అక్క నవ్వితే పడిపోయేది. ఈ మాట చెబితే ఇప్పటికీ జనం నవ్వుతారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది.

డెబ్భైల చివర్లో మేము చిత్తూరులో ఉండేవాళ్ళం. నాయన బెల్లం మండీలో గుమాస్తా. అక్కకు పదహారు, నాకు పదమూడు. అక్క చెనక్కాయలు ఒలుస్తూ ఒలుస్తూ చేట మీదికే తల వాల్చేసేది. బడిలో నిద్ర, సంగటి ముందు నిద్ర. అమ్మ తిట్టి లేపితే, అంతలోనే కల వచ్చిందని చెప్పేది. రెండు నిమిషాల కునుకులో కలేమిటని నేను ఎగతాళి చేసేదాన్ని.

నాకు మనుషుల్ని అనుకరించడం బాగా వచ్చు. మండీ యజమాని ముక్కుపొడుం పీల్చి తుమ్మే తీరు చేసి చూపిస్తే అక్క పగలబడి నవ్వేది. నవ్వుతుండగానే దవడ వేలాడిపోయి, మోకాళ్ళు సడలి, ఉన్నచోటే కుప్పకూలేది. అమ్మ మూర్ఛ అనుకుని ఇనుప తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టేది. ఆ వేళ్ళు మూసుకునేవి కావు, నేనే మడిచి పట్టుకోవాలి. కాసేపటికి తనే లేచి కూర్చునేది.

ఆ కాసేపూ మేము ఆమె పక్కనే నోటికొచ్చింది మాట్లాడుకునేవాళ్ళం. స్పృహ లేని మనిషి దగ్గర మొహమాటమేముంది?

"ఏం పాపం సేసినానో, ఇది నా కడుపున పడింది" అని అమ్మ ఏడ్చేది.

"గాలి సోకిండాది. మంత్రగాడికి సూపించండి" అని మా అవ్వ.

ఆ ఏడు బడి వార్షికోత్సవంలో నా అనుకరణ పెట్టారు. హెడ్‌మాస్టరు కూడా నవ్వుతున్నాడు. అబ్బ, ఎంత సంబరమో నాకు! అంతలో ముందు వరసలో అక్క బెంచీ మీంచి జారిపడింది. అందరూ అటు తిరిగారు. నా ఆట అక్కడితో సరి. నేను దిగి వచ్చాను. అమ్మ నడుముకున్న తాళాలు తీసి ఇచ్చింది. అక్క వేళ్ళు మడుస్తూ, ఆమె చెవి దగ్గర, "సస్తే పీడ పోతాది" అన్నాను. ఎవరూ వినలేదు కదా అని ధైర్యం.

మరుసటి సంవత్సరం నాయన మమ్మల్ని తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు కుర్రవాడే, ఓపిగ్గా చెప్పాడు. నిద్ర మెట్లు దిగినట్టు వస్తుందట. ముందు పల్చటి నిద్ర, తర్వాత గాఢనిద్ర, ఆ తర్వాతే కలల నిద్ర. కలలో పరిగెత్తేవాళ్ళు నిజంగా లేచి పరిగెత్తకుండా మెదడే అప్పుడు ఒంట్లో కండరాలన్నీ వదులు చేసి పెడుతుందట. అక్కకు మెట్లన్నీ దాటేసి నేరుగా కల వచ్చేస్తుంది. నవ్వినప్పుడు, మెలకువలోనే, ఒళ్ళు అలా వదులైపోతుంది.

"ఇది మూర్ఛ కాదమ్మా. నిద్రపోయేది ఒళ్ళే, మనిషి మేలుకునే ఉంటుంది" అని అక్క వైపు తిరిగాడు. "పడినప్పుడు మాటలు వినపడతాయా?"

"అన్నీ ఇనపడతాయి సార్."

"మాకెందుకు సెప్పలేదే?" అంది అమ్మ.

"మీరెవురూ అడగలేదు గదమ్మా."

మాత్రలు రాసిచ్చాడు. తిరుగు బస్సులో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నాయన ముందు సీట్లో ఉన్నాడు. పూతలపట్టు దాటేదాకా ఆగి, ఇక పట్టలేక అడిగేశాను.

"అక్కా, ఆ పొద్దు బడిలో నేనన్న మాట..."

"ఊ" అంది.

"కోపంలో అన్నా. ఒక్కసారే గదక్కా."

అక్క నా చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుంది.

"రెండుసార్లు అన్నావు" అంది. గొంతులో కోపం లేదు.

రెండోసారి ఎప్పుడన్నానో నాకు ఈనాటికీ గుర్తు రాలేదు.