నలభై తొమ్మిది చుక్కలు

అమ్మ సమాధి రాయి మీద చుక్కలు చెక్కించొద్దని మా చర్చి సంఘ పెద్ద అన్నప్పుడు నేను అడిగింది ఒక్కటే: "ఎన్ని చుక్కల దాకా పర్వాలేదు కాకా?"

ఆయన నవ్వలేదు. నాన్నతో ఒకే గనిలో, ఒకే షిఫ్టులో పనిచేసిన మనిషి. "లెక్క గాదు బిడ్డా. ముగ్గు మన పద్ధతి గాదు. సమాధుల తోటల ముగ్గేంది?"

ఈ మాట ఆయన నా చిన్నప్పుడే అమ్మతో అన్నాడు. గోదావరిఖనిలో బొగ్గు లారీలు పోయే రోడ్డు పక్కన మా క్వార్టర్. తెల్లవారేసరికి ముందరి గచ్చంతా నల్లటి దుమ్ము. అమ్మ మొత్తం ఊడ్చి, గడప ముందు రెండు మూరల చోటు మాత్రం వదిలేసేది. ఆ దుమ్ములో వేలి కొసతో ఒత్తి చుక్కలు పెట్టేది. వాటి చుట్టూ గీత తిప్పి, మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలిపేది. వేలు పోయిన చోటల్లా కింది సిమెంటు తెల్లగా తేలేది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయ్యాక కొత్త దుమ్ము వచ్చి దాన్ని మూసేసేది.

ఒక ఆదివారం ప్రార్థనకు చర్చికి పోతూ కాక మా గడప ముందు ఆగాడు.

"వదినె, మనం ముగ్గులు పెట్టొచ్చునా?"

"ముగ్గేడిది మరిదీ? దుమ్ము తుడుస్తున్న."

"మరి గీ మెలికలేంది?"

"నాకు సక్కగ తుడుసుడు రాదు."

నా బడి ఏడో తరగతితో ఆగింది. కుట్టుపని చేస్తాను, బట్టలు కత్తిరించే కొలతలన్నీ సొంతంగా పట్టుకున్నవే. కానీ మొదటి లెక్క దొరికింది ఆ దుమ్ములోనే. నడిమి వరుసలో ఏడు చుక్కలు, అటూ ఇటూ ఆరు, ఐదు, అలా ఒకటి దాకా. అన్నీ కలిపితే నలభై తొమ్మిది. ఐదుతో మొదలుపెడితే ఇరవై ఐదు, ఆరుతో ముప్పై ఆరు. నడిమి వరుసను దానితోనే గుణిస్తే చాలు! పరుగున పోయి చెప్పాను. అమ్మకు గుణకారం తెలియదు. "ఒక్క చుక్క తగ్గితే గీత ఇంటికి రాదు. నాకు గంతే ఎరుక" అంది.

పోయిన వానాకాలం ఆమె చనిపోయాక కూర్చుని లెక్క వేశాను. ఆ క్వార్టర్లో ముప్పై రెండేళ్లు. దవాఖానలో ఉన్న రోజులు, ఊళ్లకు పోయిన రోజులు, వాన దుమ్మును కడిగేసిన రోజులు తీసేశాను. ఎంత తీసినా ముగ్గులు తొమ్మిది వేలకు తగ్గలేదు. వాటిలో మిగిలినవి సున్నా. ఒక్క ఫోటో కూడా లేదు. మిగలనిది లేనట్టేనా? నాకు తెలిసిన లెక్క ఏదీ దీనికి జవాబు చెప్పలేదు. దేవుడు లెక్క పెట్టేవాడే అయితే తొమ్మిది వేలూ ఆయన దగ్గరుండాలి. లేకపోతే నా దగ్గరున్నాయి.

అందుకే కాకను వదల్లేదు. "నువ్వు, నాన్న తవ్విన బొగ్గు ఇప్పుడు ఏడుంది?"

"ఏడుంటది? కాలిపాయె."

"అమ్మ గీసినయి గూడ పోయినయి. మరి మీది డ్యూటీ, ఆమెది దుమ్మా?"

ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "చుక్కలు పెట్టుకో. గీత గీయిస్తే మాత్రం ముగ్గయితది. గీత వద్దు."

రాయి తయారయిందంటే పోయి చూశాను. తెల్లరాయి మీద చుక్కలు ముద్దుగా ఉన్నాయి. లెక్కపెట్టాను. నలభై ఎనిమిది.

"ఎవలు లెక్కవెడ్తరక్కా?" అన్నాడు చెక్కినతను.

"నేను. ఒకటి తగ్గితే గీత ఇంటికి రాదు."

"గీతే లేదు గదా!"

"నువ్వు చుక్క పెట్టు తమ్మీ."

పెట్టాడు.

సమాధుల తోట కూడా లారీల రోడ్డుకు దగ్గరే. మొన్న పోయేసరికి రాయి మీద అర అంగుళం మందాన కాకపోయినా, వేలికి అంటుకునేంత దుమ్ముంది. మోకాళ్ల మీద కూర్చుని ఎడమ చివరి చుక్క దగ్గర మొదలుపెట్టాను. వెనక చెప్పుల చప్పుడు. కాకే. తన భార్య సమాధికి పూలు తెచ్చాడు.

"ఏం జేస్తున్నవు బిడ్డా?"

"దుమ్ము తుడుస్తున్న కాకా."

"సక్కగ తుడువ రాదా?"

"రాదు" అన్నాను. గీత అప్పటికి సగమే అయింది. ఆయన చూస్తుండగానే చివరిదాకా తిప్పాను.